కలుజు మీద ఇసుక బస్తాలు: నెల్లూరు జిల్లాలో ఒక కాలనీ మునక, మేం చేసిన పని

మూడో వీధిలో కాలువ కట్టడం అది మూడోసారి. మొదట రాతి కట్టుబడి, తర్వాత ఇటుకలు, మేం వెళ్లేసరికి కాంక్రీటు కాలువకు ఎస్టిమేట్ కూడా రెడీగా ఉంది. మీటరు వెడల్పున్న కాలువని రెండు మీటర్లు చేస్తే నీళ్లు నిలవవని అందరూ తీర్మానించేసుకున్నారు. మా కన్సల్టెన్సీ పనల్లా దానికి లెక్కలు జోడించి, బొమ్మలు గీసి, డీపీఆర్ (పూర్తి ప్రాజెక్టు నివేదిక) అని అట్ట వేసి ఇవ్వడమే. నిజం చెప్పాలంటే మేమూ అదే చేసేవాళ్లం, సైటు చూడ్డానికి వెళ్లిన రోజు ఒక పెద్దావిడ తన ఇంటి గోడ మీద నీటి మరక చూపించి, "ఈ నీళ్లు వాన పడేటప్పుడు రావు నాయనా, వాన నిలిచిపోయి ఎండ కాసినాక వస్తాయి" అనకపోయి ఉంటే.

వీధి కాలువ చిన్నదై నీళ్లు నిలిస్తే అవి వాన పడుతుండగానే నిలవాలి, వాన తగ్గిన గంటలో తగ్గిపోవాలి. మూడు నాలుగు గంటల తర్వాత, అదీ బురద రంగులో, గడ్డీ గాదం మోసుకుంటూ వస్తున్నాయంటే అవి ఆ వీధి నీళ్లు కావు. పక్కింటాయన్ని అడిగా, వీధి చివర టీ కొట్టతన్ని అడిగా, అదే మాట. వాళ్లకు ఎప్పట్నుంచో తెలుసు, మనం అడగలేదు అంతే. కొలతలు, బడ్జెట్లు, వార్డు మీటింగులు అన్నీ ఆ కాలువ చుట్టూ తిరిగాయి తప్ప నీళ్లు ఎక్కడ బయల్దేరుతున్నాయో చూడ్డానికి ఎవరూ పొలాల వైపు నడవలేదు.

ఊరి పేరు రాయడం లేదు. నెల్లూరు జిల్లాలో హైవేకి ఆనుకుని ఉన్న ఒక మున్సిపాలిటీ అనుకోండి. అంకెలు కూడా గుండ్రంగా సవరించి రాస్తున్నా, లెక్క తీరు మాత్రం అదే.

నేల ఒకవైపు, రోడ్లు ఇంకోవైపు

మన తీరంలో నేల పడమర నుంచి తూర్పుకి వాలుతుంది. వెలిగొండల వైపు నుంచి సముద్రానికి. హైవే, చెన్నై–విజయవాడ రైలు మార్గం రెండూ ఉత్తర దక్షిణంగా పోతాయి. అంటే పడమట పడిన ప్రతి చుక్కా సముద్రానికి పోవాలంటే ఈ రెండు కట్టల కింద ఉన్న కల్వర్టుల్లోంచే దూరి పోవాలి. కల్వర్టు ఎంతుంటే అంతే దారి. నెల్లూరు టౌన్లో వాన పడగానే మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జిలు చెరువులైపోవడం అందరికీ తెలిసిందే. రైలు కట్ట ఊరిని రెండు ముక్కలు చేసింది, దాని కింద తవ్విన దారి చుట్టుపక్కల అన్నిటికంటే పల్లం, నీళ్లు అక్కడికి రాక ఇంకెక్కడికి పోతాయి! 2021 నవంబరులో కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన ఆ రోజుల్లోనే సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు దిగువకు వచ్చాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే కూడా తెగింది. అది నది వరద, మాది వీధి వరద, పోలిక లేదు. కానీ సూత్రం ఒకటే: నీళ్ల దారికి అడ్డంగా కట్ట వేసి, దానికి సరిపడా కన్ను పెట్టకపోతే కట్ట అయినా పోతుంది, పైనున్న ఊరైనా మునుగుతుంది.

ఇంకో సంగతి వాన కాలం. మిగతా రాష్ట్రానికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలైతే, మనకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే, అదీ వాయుగుండాలు, తుఫానుల రూపంలో, నాలుగైదు విడతల్లో దబదబా పడిపోతుంది. 2015 నవంబరు వరదలు గుర్తున్నవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. సరిగ్గా అదే సమయంలో డెల్టాలో నార్లు, నాట్లు మొదలవుతాయి. పంట కాలువలు నిండుగా పారుతుంటాయి, చెరువులు నింపుకోవాలని రైతులు ఎదురు చూస్తుంటారు. అంటే ఊరికి ఖాళీ కావాల్సిన వారమే పొలానికి నిండాల్సిన వారం. నెల్లూరు జిల్లా వరద పనుల్లో ఇది అర్థం కాకపోతే మిగతాది ఎంత చదివినా దండగ.

వార్డు మ్యాపు పక్కన పడేసి

మాకిచ్చింది వార్డు మ్యాపు. నీళ్లకు వార్డు హద్దులు తెలియవు కాబట్టి ముందు దాన్ని మడిచి పక్కన పెట్టాం. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు, ఇస్రో వాళ్ల భువన్ సైటులో ఉచితంగా దొరికే కార్టోశాట్ ఉపగ్రహం ఎత్తుల డేటా, రెవెన్యూ వాళ్ల దగ్గర గ్రామ పటం, ఎఫ్‌ఎంబీలు (సర్వే నంబర్ల వారీ కొలతల పుస్తకాలు) తెచ్చుకున్నాం. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఎత్తుల డేటా వేసి, ఆ కాలనీ కింద కల్వర్టు దగ్గర ఒక చుక్క పెట్టి, ఈ చుక్కకి నీళ్లు ఎక్కడెక్కడి నుంచి వస్తాయో గీయమంటే అది గీస్తుంది. అదే క్యాచ్‌మెంట్, పరీవాహక ప్రాంతం. పది నిమిషాల పని.

ఆ పది నిమిషాల పని తప్పు. పూర్తిగా తప్పు కాదు గానీ, అది గీసిన హద్దు ఒక పంట కాలువ మీదుగా దర్జాగా దాటి పోయింది. ఉచిత డేటాలో ఒక గడి 30 మీటర్లు ఉంటుంది, ఆరు మీటర్ల కాలువ గట్టు దానికి కనిపించదు. మన ప్రాంతంలో పంట కాలువలు పల్లంలో పోవు, పొలాలకు నీళ్లు ఎక్కాలి కాబట్టి మెరక పట్టుకుని, గట్లు పోసుకుని పోతాయి. కాబట్టి ప్రతి పంట కాలువా వాన నీళ్లకు ఒక చిన్న ఆనకట్ట. నేల వాలు చూస్తే నీళ్లు తూర్పుకి పోవాలి, గట్టు దగ్గర ఆగి, గట్టు వెంట దక్షిణానికి తిరిగి, కాలువ కింద నుంచి దారి ఎక్కడుంటే అక్కడ దూరుతున్నాయి. ఆ దారిని ఇరిగేషన్ వాళ్లు యూటీ అంటారు, అండర్ టన్నెల్. ఈ ఊళ్లో ఆ యూటీ ఎక్కడుందో మున్సిపాలిటీలో ఎవరికీ తెలియదు. కాలువ మీద చాలా ఏళ్లు లష్కరుగా (కాలువ కాపలా, నీళ్లు వదిలే పని) పనిచేసి రిటైరైన ఒకాయన వచ్చి, కర్రతో తుమ్మ పొద పక్కకి తోసి, "ఇదే సార్ యూటీ" అన్నాడు. కమాను పైభాగం జానెడు కనిపిస్తోంది, మిగతాదంతా పూడిక, ప్లాస్టిక్ సీసాలు, ఒక పాత పరుపు.

అప్పట్నుంచి నడవడం మొదలుపెట్టాం. నాలుగు రోజులు, ఇద్దరు కుర్రాళ్లు, ఎత్తులు చూసే ఆటో లెవెల్ యంత్రం ఒకటి, దానికి పట్టే కొలబద్ద ఒకటి. కాలనీ గోడల మీద నీటి మరకలన్నిటికీ చాక్‌పీసుతో గీత గీసి లెవెల్ తీసుకున్నాం. ఏ ఏడాది మరకో ఇంటివాళ్లు చెప్పేస్తారు, పెళ్లి జరిగిన ఏడాది, గేదె చచ్చిపోయిన ఏడాది అని. ఈ మరకల లెవెల్స్ తర్వాత కంప్యూటర్ మోడల్ సరిచూసుకోవడానికి పనికొచ్చినంతగా ఏ రికార్డూ పనికిరాలేదు. మోడల్‌కి అమెరికా పర్యావరణ సంస్థ ఉచితంగా ఇచ్చే ఎస్‌డబ్ల్యూఎంఎం అనే వాన నీటి ప్రోగ్రాం వాడాం, బాగానే ఉంటుంది, కాకపోతే మనం చెత్త పెడితే అది అందంగా చెత్తనే తిప్పి ఇస్తుంది.

వాన లెక్కల దగ్గర ఎప్పుడూ ఉండే తలనొప్పే. మండల రెయిన్‌గేజీలో 24 గంటల మొత్తం దొరుకుతుంది. వంద మిల్లీమీటర్లు అని రాసి ఉంటుంది, అది పన్నెండు గంటలు తుంపరగా పడిందా, రెండు గంటల్లో కుమ్మేసిందా చెప్పదు. వీధి కాలువకు కావాల్సింది అదే. దగ్గర్లో రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సొసైటీ వాళ్ల ఆటోమేటిక్ స్టేషన్ ఉండడంతో గంటవారీ అంకెలు దొరికాయి, బతికిపోయాం. మన దేశంలో చాలా పట్టణాల కాలువలు గంటకు 12 నుంచి 20 మిల్లీమీటర్ల వానకే డిజైన్ చేశారని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010 మార్గదర్శకాల్లోనే రాసింది. పరీవాహక ప్రాంతాన్నే యూనిట్‌గా తీసుకోవాలని కూడా అందులోనే ఉంది. 2019లో కేంద్రం వాన నీటి కాలువల మీద వేరే మాన్యువలే తెచ్చింది. కాగితాలకేం కొదవ లేదు.

లెక్క

లెక్క పెద్దదేం కాదు. హెక్టార్లలో వైశాల్యం, గంటకు ఎన్ని మిల్లీమీటర్ల వాన, అందులో నేల ఇంకకుండా ఎంత భాగం పారుతుంది. ఈ మూడూ గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. దాన్ని 35తో గుణిస్తే మనకు అలవాటైన క్యూసెక్కులు.

కాలనీ సొంత వైశాల్యం 30 హెక్టార్లు అనుకోండి. ఇళ్లు, సిమెంటు రోడ్లు, కాబట్టి పడినదాంట్లో 70 శాతం పారుతుంది. గంటకు 50 మిల్లీమీటర్ల వానకు దాదాపు 2.9 ఘనపు మీటర్లు, అంటే వంద క్యూసెక్కుల చిల్లర. ఇప్పుడున్న మీటరు వెడల్పు కాలువ, 80 సెంటీమీటర్ల లోతున, వెయ్యికి ఒకటి వాలుతో, శుభ్రంగా ఉంటే 0.77 ఘనపు మీటర్లు మోస్తుంది. రెండు మీటర్లు చేస్తే 1.96. అంటే అంత ఖర్చు పెట్టి వెడల్పు చేసినా కాలనీ సొంత నీళ్లకే చాలదు. సగం లోతు పూడిపోయి, అడుగున గడ్డి మొలిచిన కాలువకి ఇదే లెక్క వేస్తే 0.15 వచ్చింది, అంటే ఐదో వంతు. పూడిక తీస్తే ఐదు రెట్లు పెరుగుతుంది, వెడల్పు చేస్తే రెండున్నర రెట్లు. ఈ ఒక్క ముక్క వార్డు మీటింగులో చెప్పినప్పుడు కాస్త నిశ్శబ్దం వచ్చింది. తర్వాత ఎవరో "పూడిక తీస్తే శిలాఫలకం వెయ్యరు కదా సార్" అన్నారు, అందరం నవ్వాం.

ఇక పై నీళ్లు. పంట కాలువ గట్టుకి పడమట 600 హెక్టార్లు, పొలాలు, బీళ్లు, ఈ మధ్య వేసిన రెండు వెంచర్లు. పొలాలు కాబట్టి 35 శాతమే పారుతుందనుకున్నాం. దూరం ఎక్కువ కాబట్టి నీళ్లన్నీ కలిసి రావడానికి గంటలు పడుతుంది, అంతసేపు సగటున గంటకు 25 మిల్లీమీటర్లు తీసుకున్నాం. 14.6 ఘనపు మీటర్లు వచ్చింది. కాలనీ సొంత నీళ్లకు ఐదు రెట్లు! పెద్దావిడ చెప్పిన ఎండ కాసినాక వచ్చే నీళ్లు ఇవే. వీటికి వీధిలో కాలువ కట్టాలంటే వీధే కాలువ అవ్వాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. 35 శాతం అనేది మొదటి వానకే. వారంలో రెండో వాయుగుండం వచ్చేసరికి నేల తడిసి ముద్దై ఉంటుంది, మన నల్లరేగడి అయితే ఇంక ఇంకదు, 60 శాతం దాకా పారుతుంది. అందుకే మన దగ్గర ఎప్పుడూ ముంచేది రెండోది. మొదటి తుఫానుకి టీవీల వాళ్లు వస్తారు, రెండోదానికి నీళ్లు వస్తాయి.

చెరువు

ఆ 600 హెక్టార్ల నీళ్లూ గట్టు దగ్గరికి రాకముందు ఒక చెరువులో పడాలి. 40 హెక్టార్ల చెరువు, బ్రిటిషు కాలం నుంచీ రికార్డుల్లో ఉంది. నిండితే కలుజు (మిగులు నీళ్లు పొర్లిపోవడానికి చెరువు కట్టలో కట్టిన రాతి గట్టు) మీదుగా పొర్లి, కలుజు కాలువలో పడి, యూటీ దాటి, హైవే కల్వర్టు దాటి తూర్పు పొలాల్లోకి పోవాలి. ఊరికి సంబంధం లేని దారి అది. పాతవాళ్లు ఆలోచించే పెట్టారు.

ఎఫ్‌ఎంబీలో కలుజు కాలువ వెడల్పు 50 లింకులు, అంటే పది మీటర్లకు రవ్వంత ఎక్కువ. నేల మీద మూడు మీటర్లు ఉంది, కొన్నిచోట్ల అదీ లేదు, ఒక వెంచరు వాళ్లు దాన్ని తమ లేఅవుట్లో ముప్పై అడుగుల రోడ్డుగా చూపించారు. 2017 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, పది మీటర్లకు మించిన వెడల్పున్న వాగు, కాలువలకు 9 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 2 మీటర్లు వదలాలి. నేల మీద మూడు మీటర్ల కాలువ కనిపిస్తే రెండు మీటర్లు వదిలితే చాలని చేతులు దులుపుకుంటారు. వెడల్పు కొలవాల్సింది ఎఫ్‌ఎంబీలో, కాలువ గట్టు మీద నిలబడి కాదు. ఇది మా కుర్రాడే కనిపెట్టాడు, నేను కూడా మొదట నేల మీద కొలిచి వచ్చినవాణ్నే.

కలుజు దగ్గరికి వెళ్తే అసలు విషయం తెలిసింది. కలుజు మీద వరసగా నిలువు రాళ్లు ఉన్నాయి, పాత చెరువులన్నిటికీ ఉంటాయి. వానాకాలం చివర్లో ఆ రాళ్ల సందుల్లో గడ్డి, మట్టి పెట్టి ఇంకో అడుగు నీళ్లు నిలుపుకోవడానికి. ఇక్కడ ఆ రాళ్లకి చెక్కలు ఆనించి, వాటి ముందు ఇసుక బస్తాలు పేర్చారు, అదీ అక్టోబరు మొదటి వారంలోనే. చెరువు వానలు రాకముందే నిండుకుండ. ఇంక మొదటి వాయుగుండానికే మొత్తం నీళ్లు పొర్లి, మూసుకుపోయిన కలుజు కాలువని కాదని, పల్లం చూసుకుని వెంచరు రోడ్డు వెంట కాలనీలోకి వస్తున్నాయి.

అక్కడే కట్ట మీద కూచుని ఫోనులో లెక్క వేశా. 40 హెక్టార్ల చెరువులో ఒక అడుగు నీళ్లు తగ్గిస్తే 1,20,000 ఘనపు మీటర్ల చోటు వస్తుంది. 600 హెక్టార్ల మీద వంద మిల్లీమీటర్ల వాన పడితే మొదటి విడతలో వచ్చే నీళ్లు 2,10,000. అంటే రెండడుగులు తగ్గించి ఉంచితే మొదటి వాన నీళ్లు మొత్తం చెరువే తాగేస్తుంది, కాలనీకి చుక్క రాదు. నేల తడిసిన రెండో వానకి 3,60,000 వస్తుంది, అప్పుడు కూడా రెండడుగుల చోటుంటే మూడింట రెండొంతులు ఆగిపోతుంది, పైగా వరద గంటల కొద్దీ ఆలస్యంగా, మెల్లగా వస్తుంది. కాంక్రీటు లేదు, టెండరు లేదు. తూము ఎత్తడమే.

తూము ఎత్తడం అంత సులువైతే

ఆ చెరువు కింద ఆయకట్టు సగం ఇళ్ల స్థలాలైపోయింది, మిగతా సగం ఇంకా వరే. చెరువులో చేపలు వేసుకునేందుకు ఒక సొసైటీకి హక్కు ఉంది. రైతులకు నీళ్లు నిలవాలి, చేపల వాళ్లకు నీళ్లూ నిలవాలి, చేపా పోకూడదు, కాలనీ వాళ్లకు అసలు నీళ్లే వద్దు. చెరువు ఇరిగేషన్ వాళ్లది, కలుజు కాలువ రెవెన్యూ పోరంబోకు, యూటీ మళ్లీ ఇరిగేషనే గానీ వేరే సెక్షను, వీధి కాలువ మున్సిపాలిటీది, హైవే కల్వర్టు ఇంకెవరిదో. ఒక్క నీటి చుక్క పడమట బయల్దేరి తూర్పుకి చేరేలోపు ఐదు ఆఫీసులు దాటుతుంది, మనం ఒక్క సంతకానికి ఐదు నెలలు తిరుగుతాం.

రైతుల భయం న్యాయమైనదే. ఒక రైతు సూటిగా అడిగాడు: "అక్టోబర్లో మీ మాట విని నీళ్లు వదిలేస్తాం, తర్వాత వాన రాకపోతే నా నారుమడికి మీరు నీళ్లు తెస్తారా సార్?" సమాధానం లేదు. వాతావరణ శాఖ సూచన చూసి వదులుదామంటే, వాయుగుండం ఖాయమని తెలిసేది రెండు మూడు రోజుల ముందు, ఆ తూము గుండా రెండడుగులు దిగడానికి వారం పడుతుంది. మేం తూము గేటు లెక్క వేసి చూశాం, దింపాలంటే ముందునుంచే దింపి ఉంచాలి, వేరే దారి లేదు.

చివరికి కార్తెల లెక్కన రాజీ కుదిరింది. తేదీలు చెబితే ఎవరికీ ఎక్కలేదు, కార్తెలు చెబితే అందరికీ ఎక్కింది. చిత్త, స్వాతి కార్తెల్లో చెరువు కలుజుకి రెండడుగుల కిందే ఉండాలి, విశాఖ, అనూరాధ, జ్యేష్ఠల్లో అడుగు కింద, జ్యేష్ఠ కార్తె దాటాక చెక్కలు వేసుకుని నింపుకోవచ్చు. ఒకవేళ వానలు తగ్గి చెరువు నిండకపోతే పంట కాలువ నుంచి ఒక తూము ద్వారా ఆ మిగతా ఆయకట్టుకి నీళ్లివ్వాలి. ఈ చివరి షరతు రాయించుకోకపోతే రైతులు ఒప్పుకునేవాళ్లు కాదు, వాళ్ల స్థానంలో ఉంటే నేనూ ఒప్పుకోను. చేపల వాళ్లకు కలుజు ముందు ఇనప జాలీ పెట్టించాం. జాలీకి చెత్త పడితే అదే ఇంకో ఆనకట్ట అవుతుందని నాకు లోపల టెన్షనే, అందుకే నిలువుగా కాకుండా ఏటవాలుగా, కమ్మీల సందులు వెడల్పుగా పెట్టాం, తీసి కడిగే వీలుతో.

కలుజు కాలువ ఆక్రమణల జోలికి వెళ్తే పని ఆగిపోతుందని అందరూ హెచ్చరించారు. పది మీటర్లు ఎక్కడా రాలేదు. ఇళ్లున్న చోట ఐదు మీటర్లకు పక్కా గోడలతో కట్టి, ఇళ్లు లేని చోట మట్టి కాలువగానే పది మీటర్లు తవ్వి గుర్తు రాళ్లు పాతించాం. వెంచరు రోడ్డు పక్కన వెడల్పాటి పెట్టె కాలువ వచ్చింది, రోడ్డు రోడ్డే ఉంది. పేదవాళ్ల నాలుగు రేకుల ఇళ్లు ఖాళీ చేయించడం మాత్రం ఎవరి చేతా కాలేదు, నా చేత కూడా. వాళ్లకు స్థలం చూపించకుండా కాలువ వెడల్పు చేయమని రాయడానికి నాకు చెయ్యి రాలేదు, ఆ యాభై మీటర్ల దగ్గర కాలువ ఇప్పటికీ ఇరుకే.

వీధిలో చేసింది

కాలనీలో వెడల్పు పెంచలేదు. పూడిక తీయించాం, మూతలు ముక్కలుగా చేసి చేత్తో ఎత్తేలా పెట్టించాం. పెద్ద పలకలు వేస్తే జేసీబీ రావాలి, జేసీబీ రావాలంటే ఫైలు కదలాలి, ఫైలు కదిలేలోపు వాన వస్తుంది. ఇంకో విచిత్రం ఉంది, మన ఊళ్లన్నిట్లోనూ చూడొచ్చు: కాలువ గోడ రోడ్డు కంటే జానెడు ఎత్తు. వాన నీళ్లు రోడ్డు మీద నిలబడి కాలువలోకి తొంగి చూస్తుంటాయి, దిగడానికి దారి లేదు. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోయి ఇళ్ల గడపలు పల్లం చేశారు, దానికి తగ్గట్టు కాలువ గోడలూ లేపుకుంటూ పోయారు. ప్రతి పది మీటర్లకు గోడ కోసి జల్లెడ పెట్టించాం. ఇంత చిన్న పనికి ఎంత తేడానో, తర్వాతి మామూలు వానకే వీధి అరగంటలో ఆరిపోయింది. ఒంగోలులో పోతురాజు కాలువ, నల్లకాలువ పేర్లు వానాకాలం వస్తే రోజూ వినిపిస్తాయి, అంత పెద్ద కాలువల గురించి నాకు మాట్లాడే అర్హత లేదు గానీ, వాటిలో కలిసే వీధి కాలువల నోళ్లు ఒకసారి లెవెల్ పెట్టి చూడమని అక్కడ పనిచేసే స్నేహితులకు ఎప్పుడూ చెబుతుంటా.

మేం చేసిన తప్పు

ఏ కాలువ పనైనా తోక నుంచి మొదలుపెట్టి తలకి రావాలి. కింద దారి తెరవకుండా పైన తెరిస్తే కిందవాణ్ని ముంచుతాం. ఇది కాలేజీలోనే చెబుతారు. నిధులు మాత్రం ఆ క్రమంలో రావు. యూటీ శుభ్రం చేయడానికి ముందు డబ్బులొచ్చాయి, హైవే అవతల మూడు కిలోమీటర్ల వాగు పూడికకి రాలేదు. ఏడాది చివర, ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతాయన్నారు. యూటీ తీసేశాం. నేను వద్దని గట్టిగా రాయాల్సింది, రాయలేదు.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చింది. మన తీరం పొడవునా రాసుకుంటూ పోయి 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది, రెండు మూడు రోజులు వాన వదల్లేదు. అప్పుడు జ్యేష్ఠ కార్తె నడుస్తోంది. చెరువు ఒప్పందం ప్రకారం అడుగు కిందే ఉంది, ఆ అడుగు చోటు మొదటి రోజే నిండిపోయింది, తర్వాత కలుజు పొర్లింది. కాలనీ మూడో వీధిలో నీళ్లు వచ్చాయి, అబద్ధం చెప్పను, చీలమండ లోతు. అంతకుముందు నడుం లోతు వచ్చి రెండు రోజులు కదలని చోట సాయంత్రానికి దిగిపోయాయి. పెద్దావిడ ఇంట్లోకి రాలేదు.

కానీ హైవే అవతల ఊళ్లో నారుమళ్లు మునిగాయి. ఇదివరకు యూటీ మూసుకుపోయి కాలనీలో మెల్లగా నానే నీళ్లు, ఇప్పుడు తెరిచిన దారిలో దూకుతూ పూడిపోయిన వాగులో పడి పొలాల మీద పరుచుకున్నాయి. కాలనీకి మేలు చేశామని ఫోటోలు పెట్టుకున్న రోజే ఆ ఊరి సర్పంచ్ ఫోన్ చేశాడు. ఆయన తిట్టలేదు, "ఒకసారి వచ్చి చూడండి సార్" అన్నాడు, అది ఇంకా కష్టంగా అనిపించింది. వెళ్లి చూశా. పసుపు పచ్చగా మారిన నారు, మధ్యలో మన కాలనీ నుంచి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ కవర్లు. తర్వాతి వేసవిలో ఉపాధి హామీ కింద వాగు పూడిక కొంత, ఇరిగేషన్ నిధులతో కొంత తీయించారు, మొత్తం మాత్రం ఇంకా పూర్తి కాలేదు. మా డీపీఆర్‌లో ఇప్పుడు మొదటి పేజీలోనే పనుల క్రమం రాస్తున్నాం, తోక పని అయిందని సంతకం లేకుండా తల పని మొదలుపెట్టకూడదని. దాన్ని ఎంతమంది చదువుతారో తెలీదు.

ఇలాంటి పని మీద ఉన్నవాళ్లు అడిగితే ఒక్కటే చెబుతా: వానాకాలంలో ఒకసారి, వాన పడుతుండగా, గొడుగేసుకుని కలుజు నుంచి కల్వర్టు దాకా నడవండి. ఎండాకాలంలో తీసిన లెవెల్స్ ఎన్ని ఉన్నా ఆ ఒక్క నడకలో తెలిసేది వేరు. నీళ్లు ఎక్కడ తటపటాయిస్తున్నాయో కళ్లకు కనిపిస్తుంది. మాకు వెంచరు రోడ్డు సంగతి అలాగే తెలిసింది, ఏ మ్యాపూ చెప్పలేదు.

మొన్న స్వాతి కార్తెలో ఒకసారి చెరువు వైపు వెళ్లా, ఊరికే. తూము ఎత్తే ఉంది, నీళ్లు కలుజుకి ఒకటిన్నర అడుగు కింద. రెండడుగులు ఉండాలి గానీ సర్లే అనుకున్నా. కలుజు మీదికి వెళ్తే రాళ్ల ముందు వరసగా పదకొండు బస్తాలు. సొసైటీ పెద్దాయన అక్కడే వల బాగు చేసుకుంటున్నాడు. నన్ను చూసి, "అయి పోయినేటివి సార్, ఎవురూ తియ్యలా, ఆడే ఉండాయి" అన్నాడు. బస్తాలు పాతవే. లోపల ఇసుక మాత్రం తడిగా, కొత్తగా ఉంది. ఇద్దరు కూలీలను పిలిపించి తీయించా, డబ్బులు నేనే ఇచ్చా, పెద్దాయన కూడా ఒక చెయ్యి వేశాడు.